శుభ్రం చేసిన పాట

"ఎవర్నడిగి తీసినావు?"

తలుపును భుజంతో తోసుకుని వస్తూనే అడిగింది రామతులసమ్మ.

మార్కాపురంలో పలకల గోడౌను పైన ఉంది యేసుబాబు స్టూడియో. ఒకటే గది. గోడలకు స్పాంజి, ఒక మైకు, ఒక కంప్యూటరు. క్రిస్మస్ పాటలు, అమ్మవారి పాటలు, ఎన్నికల పాటలు, అన్నీ అక్కడే తయారవుతాయి.

యేసుబాబు హెడ్‌ఫోన్‌ను ఒక చెవి మీంచి తప్పించి, తెర మీంచి చూపు తిప్పకుండానే నవ్వాడు.

"రా అక్కా. నీ ఆల్బం విన్నావా? త్రిపురాంతకంలో మీ వీధి గుళ్ళో పొద్దున్నే అదే వేస్తున్నారంట గదా!"

"వేస్తున్నారు. విన్నా. అందుకే బస్సెక్కి వచ్చినా."

ఎండకని నెత్తి మీంచి కప్పుకున్న కొంగును ఏసీ గదిలోకి వచ్చినా దించలేదామె. చేతులు రెండూ కొంగు లోపలే పెట్టుకుని నిలబడింది.

"ఇంతకీ ఏంది నేను తీసింది?"

"దసరా ముందు పాడించినప్పుడు ఆ పెద్ద పెట్టెల్లో వినిపించినావే, అదీ పాటంటే. ప్రాణం ఉండింది దానికి. ఇప్పుడు బయటికొచ్చింది ఏంది? రేకు డబ్బాలో తల పెట్టి పాడినట్టుంది."

యేసుబాబుకు ఇది కొత్త కాదు. ఆల్బం వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు వచ్చి ఈ మాటే అంటారు.

"అదా! ఫోన్లలో పట్టాలని చిన్న ఫైలు చేసినానక్కా. కుదించినప్పుడు కొంచెం పలచబడుద్ది. నీకు పెద్ద ఫైలే ఇస్తా. ఇదిగో, విను."

పెద్ద స్పీకర్లలో పాట మొదలైంది. ఆమె గొంతు గది నిండా పరుచుకుంది.

"చూసినావా? తేనె."

"గొంతు ఎవరికి కావాలి?" రామతులసమ్మ అరిచింది. "ఇందులోనూ లేవు! తీసి పారేసినావు!"

"ఏంటివక్కా?"

"గాజులు."

యేసుబాబుకు ఆ రోజు గుర్తొచ్చింది. మైకులో చప్పుడు పడుతోంది, గాజులు తీసి పాడమన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. "ముత్తైదువను. ఉత్త చేతులతో అమ్మవారికి పాడతానా?" అంది. తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్న ఆమె భర్త లక్ష్మీనరసయ్య పకపకా నవ్వాడు. "బామ్మర్దీ! పాట మీ అక్కది, తాళం నేను తిరునాళ్ళలో కొనిచ్చిన గాజులది. రెండూ పడాల్సిందే" అన్నాడు. ఆమె తొడ మీద తాళం వేసుకుంటూ పాడింది. దెబ్బ దెబ్బకూ మట్టిగాజులు ఘల్లుమన్నాయి.

"అది నాయిస్ అక్కా. ఫ్యాను మోత, ఆటో హారను, నీ గాజులు, అన్నీ ఏరేసినా. కందుల్లో రాళ్ళు ఏరినట్టు కూర్చుని ఏరినా. నడుం పడిపోయింది."

"రాళ్ళా? అవి రాళ్ళా నీకు? గుళ్ళో గాజులు తీసి పాడతారా ఎవరన్నా? ఆ తల్లి ఇన్నేళ్ళూ గాజులతోనే వినింది. ఆమెకు అడ్డం రానివి నీ కంప్యూటరుకు అడ్డం వచ్చినయ్యా?"

"అరవమాకక్కా. కింద గోడౌనోళ్ళు పైకొస్తారు. బావకు ఫోన్ చెయ్యనా? ఆయనైతే నా బాధ అర్థం చేసుకుంటాడు."

"ఆయన ఊసెత్తమాక. వచ్చింది నేను. నాతో మాట్లాడు."

ఇంట్లో ఏదో గొడవ పడి వచ్చినట్టుంది అనుకున్నాడు యేసుబాబు. ఆ కోపం తన మీద చూపిస్తోంది.

"నువ్వు ఏరకముందుది ఉంటది గదా. మాస్టరు. అది ఇయ్యి."

"మాస్టరెక్కడిదక్కా? ఆల్బం బయటికి పోయినాక చెరిపేస్తాం. లేకుంటే డిస్కులో చోటెక్కడిది?"

రామతులసమ్మ అతని తెర వైపు ఒకడుగు వేసింది.

"ఊరు వినేది ఉంచినావు. నేను వినేది చెరిపేసినావు. నీ చేతులు పడిపోను! చెరిపే ముందు ఒక్క మాట, ఒక్క మాట అడగొద్దా?"

యేసుబాబుకు విసుగొచ్చింది. ఆ వెంటనే జాలి కూడా కలిగింది. అక్కా అని పిలిచిన మనిషిని ఏడిపించి పంపడం అతనికి ఇష్టం లేదు.

"ఇంత చిన్నదానికి శాపాలెందుకక్కా? గాజుల చప్పుడే గదా నీకు కావాల్సింది? అదేమన్నా దొరకని సరుకా? ఇట్ల వచ్చి కూర్చో. నేను పాట వేస్తా. వింటా తాళం వెయ్యి. గాజులొక్కటే రికార్డు చేసి పాటలో కలిపేస్తా. అచ్చం ఆ రోజు మాదిరే ఉంటది. పైసా వద్దు."

ఆమె కూర్చుంది. అతను మైకును ఆమె ఒడి దాకా దించి, వెనక్కి వెళ్ళి మీట నొక్కాడు. తెర మీద ఎర్రచుక్క వెలిగింది. పాట మొదలైంది.

"ఊఁ, వెయ్యక్కా తాళం. గట్టిగా."

రామతులసమ్మ అతని కళ్ళలోకి సూటిగా చూసింది. పళ్ళు బిగించి, కొంగులోంచి రెండు చేతులూ తీసి మైకు ముందు చాచింది.

మణికట్టు నుంచి మోచేతి దాకా ఆ చేతులకు ఒక్క గాజూ లేదు.