ఊరికే వచ్చినవి

"ఇంటి పెద్ద ఎవరండీ?"

"ఇంకెవరు? నేనే. బిక్షపతి," అన్నాడతను మంచం మీద నిటారుగా కూర్చుంటూ.

"ఈ ఇంట్లో ఒకే పొయ్యి మీద వండింది తినేవాళ్లు ఎంతమంది?"

"ముగ్గురం."

"నలుగురం," అంది అతని భార్య శోభారాణి, వంటింటి గడప మీద నుంచి.

ట్యాబ్ మీద వేలు ఆపి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది ప్రవళిక. కోదాడ పిల్ల. సర్కారు సర్వే పని మీద సూర్యాపేటలో ఈ గల్లీకి వచ్చింది. చీటీలు తీసినట్టు కొన్ని ఇళ్లు ఏరారట, అందులో బిక్షపతిది ఒకటి. ఏం తింటున్నారు, ఏం కొంటున్నారు, ఎలా బతుకుతున్నారు, అన్నీ అడుగుతుంది. రేషన్ కార్డు పీకేయడానికి రాలేదని బిక్షపతిని నమ్మించేసరికే పావుగంట పట్టింది.

"నాలుగో మనిషి ఎవరండీ?"

"రూతమ్మ. ముందుగదిల కిరాయికి ఉంటది," అంది శోభారాణి.

"ఉంటది కాదు, ఉండె. ఇందాకనే ఖాళీ చేసింది," అన్నాడు బిక్షపతి. "మాకేం కాదు ఆమె. రాయకు."

ఖాళీ చేయమన్నది అతనే. మోతె దగ్గర తన ఆటో బోల్తాపడి, కాలు విరిగి ఎనిమిది నెలలు. మంచంలో పడ్డ మనిషికి వేరే పనేముంది, ఎదుటివాళ్ల కంచంలోకి చూడటం తప్ప!

రూతమ్మ ఒక ప్రైవేటు దవాఖానలో ఆయా. అరవైకి దగ్గరపడ్డ ఒంటరి మనిషి. డ్యూటీ దిగి వచ్చి, శోభారాణి పెట్టింది తిని, గిన్నెలు తోమి తన గదిలోకి పోయేది. పెళ్లాం కుట్టుమిషన్ తొక్కి తెచ్చే నాలుగు రూపాయల్లో పరాయి మనిషికి రోజూ బువ్వేమిటని అతనికి కడుపుమంట.

"ఊరికే ఎన్నాళ్లు తింటవ్?" అని మొన్న మొహం మీదే అనేశాడు.

 ఆమె ఇవాళ ట్రంకుపెట్టె సర్దుకుని కోదాడలో చెల్లెలి దగ్గరికి బయల్దేరింది.

"సరే, బియ్యం నెలకు ఎన్ని కిలోలండీ?" అడిగింది ప్రవళిక.

"రేషన్‌వి గాక ఇరవై అయిదు," అంది శోభారాణి.

"కొన్నారా?"

శోభారాణి మొగుడి వైపు చూసింది.

"కొన్నవా, పండించినవా, ఊరికే వచ్చినవా... ఏదో ఒకటి నొక్కాలండీ."

"రూతమ్మ తెచ్చింది."

బిక్షపతి తలెత్తాడు.

"పాలు?"

"రూతమ్మనే."

"గ్యాస్ బండ?"

"ఆమెనే. మా బిడ్డ సింధు పరీక్ష ఫీజు గూడ ఆమెనే కట్టింది."

"మరి కుట్టుమిషన్ పైసలు యాడవాయె?" బిక్షపతి అరిచాడు.

"నీ మందులకే సాలలే," అంది శోభారాణి. "నీతోని చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నది. నువ్వు మనసు చిన్నబుచ్చుకుంటవంట."



ప్రవళిక మొహమాటంగా అంది. "ఒక్కటి తేల్చాలండీ. ఆమె మీ ఇంటి మనిషైతే ఇవన్నీ కొన్నట్టు రాస్తాను. ఏమీ కాదంటే..."

"కాదంటే?"

"ఊరికే వచ్చినట్టు రాయాలండీ."

ఊరికే! మొన్న ఆమె మొహాన కొట్టిన మాటే. ఎనిమిది నెలలుగా ఊరికే తింటున్నది తనేనని తెలిసింది బిక్షపతికి. సిగ్గుతో చచ్చిపోయాడు.

"ఇంటి మనిషనే రాయి బిడ్డా."

"వెళ్లిపోయారన్నారు కదండీ. ఇక్కడే ఉంటానంటేనే రాయాలి."

అతను చేతికర్ర అందుకున్నాడు.

"ఓ గంట కూసో. జర ఆ పేజీ మూయకు."

పక్కింటి ఆటో ఎక్కి బస్టాండుకు వెళ్లాడు. కోదాడ బస్సు ఇంజన్ ఆడుతూనే ఉంది. దాని ముందర ట్రంకుపెట్టె మీద కూర్చుంది రూతమ్మ.

అతన్ని చూసి గభాలున లేచింది. "కాలు కింద పెట్టొద్దన్నరు గద డాక్టరు! ఏం మనిషివయ్యా?"

ఆ కోపానికి అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పెద్దమ్మా, ఇంటికాడ సర్వే పిల్ల కూసున్నది. నువ్వు లేకుంటే లెక్క తేలుతలేదు."

"నాతోనేం లెక్క? మల్ల ఊరికే తిననీకి పిలుస్తున్నవా?"

"ఆ మాట వాపస్ తీసుకుంట. తప్పయింది."

రూతమ్మ అతని మొహంలోకి చూసింది. తర్వాత కాలి కట్టు వైపు చూసింది.

"శోభ చెప్పిందా?"

"చెప్పలే. బియ్యం లెక్కలో బయటపడ్డది."

కోదాడ బస్సు కదిలింది. ట్రంకుపెట్టె కిందే ఉండిపోయింది.

"పట్టు ఆ కర్ర సరిగ. పడ్డవంటే మల్ల ఎనిమిది నెలలు," అందామె, అతని రెక్క పట్టుకుంటూ.

ఇంటికి చేరేసరికి ప్రవళిక ఇంకా అక్కడే కూర్చుని ఉంది. ఆటోలోంచి ట్రంకుపెట్టె దించి రూతమ్మ గదిలోకి మోసుకెళ్లింది శోభారాణి, నవ్వు ఆపుకోలేక.

"రూతమ్మ, యాభై ఎనిమిదేళ్లు. ఇక్కడే ఉంటారు కదండీ?"

"యాడికి పోత బిడ్డా," అంది రూతమ్మ.

"అయితే నాలుగో పేరు..."

"నాలుగోది కాదు," అన్నాడు బిక్షపతి.

ప్రవళిక తలెత్తింది.

"ఇంటి పెద్దని నా పేరు రాసినవ్ గద, అది తీసెయ్ బిడ్డా. మొదలు ఆమె పేరు రాసి, దాని కింద మా ముగ్గురివి రాయి... ఆమె పెడితే తిన్నోళ్లం."