చప్పుడు చేసే కార్డు

కంప్యూటర్ డబ్బాను చంటిపిల్లను మోసినట్టు రెండు చేతులా పొదివి పట్టుకుని లెక్కల టీచరు మూడో షాపు మెట్లెక్కింది. మధ్యాహ్నం నుంచి బడికి సెలవు పెట్టింది. మొదటి రెండు షాపుల్లోనూ పని కాలేదు. ఇక్కడా కాకపోతే ఎక్కడికి పోవాలో ఆమెకు తోచలేదు.

షాపాయన మూత విప్పి, లోపలికి టార్చి వేసి, వాసన చూశాడు. తెరకు బొమ్మ అందించే గ్రాఫిక్స్ కార్డు మాడిపోయిందన్నాడు. అది ఆమెకూ తెలుసు. మూడు రోజుల కిందట, ఆట మొదలైన పది నిమిషాలకే తెర నల్లబడి గదంతా కమురు కంపు కొట్టింది.

ఏం ఆట ఆడతారని అడిగాడు. కార్ల పందెం అంది. తెర ఎంత పెద్దదన్నాడు. చేతులు చాపి చూపించింది. ఇలా మూర వేసి కార్డు కొనలేమనీ, ఆడే మనిషినే అడిగితే మంచిదనీ నవ్వాడు.

"మావారి కంప్యూటర్ అండీ. అవన్నీ ఆయనకే తెలుసు."

"ఒక్క ఫోన్ కొట్టి అడగండి మరి."

ఆమె సంచిలోంచి ఫోన్ తీసింది. పేరు దాకా వెళ్ళి, నొక్కకుండానే మళ్ళీ సంచిలో పడేసింది.

"ఎత్తరు," అంది.

ఇలాంటి మొగుళ్ళు షాపాయనకు కొత్త కాదు. ఆట ఆగిపోతే మూతి ముడుచుకుని కూర్చుని పెళ్ళాన్ని బజారుకు తరిమే రకం. ఆ మాట పైకి అనలేదు. టీచరు మీద జాలిపడి, ఉన్నవాటిలో మంచి కార్డులు మూడు తీసి బల్ల మీద పరిచాడు. ఒక్కోదాన్నీ తన కంప్యూటర్‌కి తగిలించి ఆట నడిపి చూపించాడు. కార్ల అద్దాల మీద వాన చినుకులు లెక్కపెట్టుకునేంత తేటగా ఉంది బొమ్మ. ఆమె తెర వంక చూడనే లేదు. వంగి, డబ్బాకు చెవి ఆనించి వింది.

"దీనికి చప్పుడు లేదు."

"దీని గొప్పే అదండీ. మూడు ఫ్యాన్లున్నా పిల్లి నడిచినంత చప్పుడు కూడా రాదు."

"నాకు చప్పుడు కావాలండీ. గోడ అవతలికి వినపడాలి."

షాపాయన తెల్లబోయాడు. మిగతా రెండు షాపుల్లోనూ సరిగ్గా ఈ మాట దగ్గరే ఆమెను ఎగాదిగా చూసి పంపేశారు. అందుకే ఈసారి సిగ్గు విడిచి ఇంటి సంగతి చెప్పేసింది.

అత్తగారు ఏడాదిగా మంచం మీదే ఉంది. తల్లికీ కొడుక్కీ అంతకు ముందే చెడింది. ఉన్న ఉద్యోగం మానేసి వచ్చాడని ఆవిడ కొడుకును నలుగురిలో పెట్టి కడిగేసి, నా కళ్ళబడకు పొమ్మంది. అతను ఆ మాటే పట్టుకున్నాడు. అదే ఇంట్లో ఉంటూ తల్లి గదిలో మళ్ళీ అడుగు పెట్టలేదు. పెద్దావిడా పిలవలేదు. ఇద్దరిదీ ఒకటే మొండితనం. కానీ సాయంత్రమయ్యాక పక్క గదిలో ఆట మొదలై ఆ కార్డు ఫ్యాను హోరెత్తితే, కొడుకు ఇల్లు చేరాడని ఆవిడకు గుర్తు. అది చెవిన పడ్డాకే ముద్ద నోట పెట్టేది.

కార్డు మాడినప్పటి నుంచి ఆ హోరు లేదు. వాడు నా మీద కోపంతో ఇల్లు వదిలి పోయాడని పెద్దావిడ తేల్చేసుకుంది. మూడు రోజులుగా మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టడం లేదు. తిండి లేకుండా షుగరు మందు వేయడానికి లేదు. ఇంకో రోజు ఇలాగే గడిస్తే తన చేతుల్లో ఉండదని డాక్టరు పొద్దున చెప్పి వెళ్ళాడు.

షాపాయనకు ఒళ్ళు మండింది.

"ఆయన ఒక్కసారి వెళ్ళి అమ్మా అని పిలిస్తే తీరిపోయేదానికి ఇంత దూరం దేనికండీ?"

"తీరిపోయేదే," అని టీచరు డబ్బాను అతని వైపు జరిపింది.

అతను లోపలికి వెళ్ళి, అటక మీద అట్టపెట్టెలన్నీ దింపి, దుమ్ము కొట్టుకుపోయిన పాత కార్డు ఒకటి పట్టుకొచ్చాడు. ఒకే ఒక్క ఫ్యాను. ఇది అమ్మకానికి ఉంచింది కాదనీ, ఆన్ చేస్తే పక్క షాపువాళ్ళు తగువుకొస్తారనీ చెప్పాడు.

పెట్టబోతే డబ్బాలో పట్టలేదు. లోపలి రేకు చట్రం ఒకటి విప్పి చోటు చేశాడు. తెర మీద చారలు తప్ప ఏమీ రాలేదు. టీచరు బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. అతను కార్డు ఊడదీసి, దాని ఇత్తడి రంగు పళ్ళను రబ్బరుతో రుద్ది మళ్ళీ గుచ్చాడు. ఈసారీ చారలే. మూడోసారికి బొమ్మ వచ్చింది. కార్లు కదిలాయి. కాసేపటికి ఫ్యాను అందుకుంది. నిండు లోడుతో లారీ గుట్ట ఎక్కుతున్నట్టు ఒకటే రొద.

"సరిపోతుందా?" గొంతు పెంచి అడిగాడు.

ఆమె తలూపి, ఆ రోజు మొదటిసారి కుర్చీలో కూలబడింది.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. అత్తగారికి తోడు కూర్చున్న పక్కింటావిడ, మనిషి గోడవైపు తిరిగి పడుకుని పలకడం లేదని చెప్పి వెళ్ళిపోయింది. టీచరు డబ్బాను బల్ల మీద పెట్టి వైర్లన్నీ తగిలించి, రోజూలాగే ఆట పెట్టింది. రెండు గదుల తలుపులూ బార్లా తెరిచింది. వంటింట్లోకి వెళ్ళి జావ కలుపుకుని అత్తగారి మంచం పక్కన కూర్చుంది. పక్క గదిలో కార్లు పరుగెత్తుతున్నాయి. ఫ్యాను హోరు గోడ దాటింది.

పెద్దావిడ మెల్లగా ఇటు తిరిగింది.

"ఇంట్లోనే ఉన్నాడన్నమాట."

కోడలు చెంచా నోటికి అందించింది. పెద్దావిడ నాలుగు చెంచాలు తాగింది. అయిదోది పెట్టబోతుంటే చెయ్యి పట్టుకుంది.

"నాకిక ఓపిక లేదమ్మా. ముందు నేనే మాట జారాను, నేనే పిలవాలి. వాణ్ణి ఒక్కసారి ఇలా రమ్మను."

కోడలు గిన్నె కింద పెట్టి లేచి, నలభై మూడు రోజుల కిందట రోడ్డు ప్రమాదంలో పోయిన భర్తను పిలవడానికి పక్క గదిలోకి వెళ్ళింది.