ఖాళీ దొడ్డిలో దగ్గు

షెడ్డులోని పందులకు దగ్గు తెచ్చిన వైరస్ వాటి కణాల్లోకి దూరాలంటే దానికి కొలెస్ట్రాల్ కావాలి. అది తగ్గితే వైరస్‌కు దారి మూసుకుపోతుందని పశువుల డాక్టరమ్మ నమ్మకం. అందుకే షెడ్డులో కుడివైపు దొడ్డిలోని ఆరు పందులకు కొలెస్ట్రాల్ తగ్గించే మందు పెట్టింది. తేడా చూడటానికి ఎడమవైపు ఆరింటికి పెట్టలేదు. అవి దగ్గి దగ్గి చచ్చిపోయాయి. మధ్యాహ్నమే పూడ్చిపెట్టారు.

ఒంట్లో కొలెస్ట్రాల్ ఎక్కువగా తయారయ్యేది రాత్రిపూటే కాబట్టి, బతికినవాటి రక్తం తీయడానికి ఆమె ఈ వేళప్పుడు ఒంటరిగా వచ్చింది. పందులు మేత ముట్టలేదు. ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ గోడకు అతుక్కుపోయి ఉన్నాయి.

నాలుగోదానికి సూది గుచ్చుతుండగా ఖాళీ దొడ్డిలోంచి దగ్గు వినిపించింది. వారం రోజులుగా విన్న తడి దగ్గే. టార్చి వేసి చూస్తే కడిగిన నేల తప్ప ఏమీ లేదు. గేటు దగ్గరున్న వాచ్‌మన్‌కు ఫోన్ చేసింది.

"బాబాయ్, ఎడమవైపుకి కొత్త పందిని దేన్నైనా తోలారా?"

"లేదమ్మా. గడియ నేనే పెట్టానుగా."

షెడ్డంతా నిశ్శబ్దంగా ఉంది. అంతా తన భ్రమేననుకుని ఆమె కాస్త తేరుకుంది.

"సరే, ఇంకో రెండున్నాయి. తీసేసి వస్తాను."

"పొద్దున చూసుకుందురుగానీ వచ్చేయండమ్మా. ఫోనెత్తిన దగ్గర్నుంచీ ఒకటే దగ్గుతున్నారు."

"నేను దగ్గలేదు బాబాయ్."

అటువైపు కుర్చీ జరిగిన చప్పుడైంది.

"ఫోన్ పెట్టేయకండి," అన్నాడు. "ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి. నేనొస్తున్నా."

ఆమె మాట్లాడదామని నోరు తెరిచింది. గొంతులోంచి మాటకు బదులు తడి దగ్గు వచ్చింది.