అమ్మ పూస

దహనశాలలో బూడిదతోపాటు ఇనుప పూస ఇవ్వడం మొదలై పదేళ్లయింది. గాదెలో ధాన్యం దాచినట్టు, ఫెరిటిన్ అనే మాంసకృత్తి మనిషి కాలేయంలో దాచిపెట్టిన ఇనుమునే అలా పూసగా పోస్తారు. వరహాలమ్మ ఇంట్లో, దేవుడి గూట్లో, నాన్న పూస శనగగింజంత ఉంది. దాని పక్కన అమ్మ పూస గుచ్చాలని ఆమె కొత్త దారం కూడా తెచ్చుకుంది.

దహనశాల కిటికీలోంచి, అక్కడ పనిచేసే పైడితల్లి అమ్మ బూడిద కుండ ఒక్కటే అందించింది.

“పూసేదీ, అప్పా?” అని పైడితల్లిని అడిగింది వరహాలమ్మ.

“నేదమ్మా.”

“నేకపోడమేటి? మా అమ్మ పూస కాజేసినావా?” అంటూ అన్న అప్పన్న గొంతు పెంచాడు.

పైడితల్లికి ఇలాంటి మాటలు అలవాటే. “కాజెయ్యడానికి ఉండాల కదా, బాబూ. గాదె ఊడ్చినట్టున్నాది. ఎంతమందిని కన్నాది?”

“ఐదుగుర్ని.”

“మీ అందరికీ కూడెట్టి, ఆకర్న తినీదా?”

అప్పన్న తల దించుకున్నాడు. వరహాలమ్మ కిటికీలోకి చెయ్యి చాపింది.

“అమ్మ ఇనుమే కదా నాకొచ్చినాది. నాలోంచి తీసి పొయ్యి, అప్పా. ఆవగింజంతయినా చాలు.”

పైడితల్లి ఆమె మణికట్టుకు ఇనుము కొలిచే మీటరు ఆనించి అంకె చూసింది. నమ్మలేక మళ్లీ ఆనించింది.

“నీ గాదె కూడా అడుగంటిపోనాది, తల్లీ. పొద్దున్నుంచి ఏటైనా తిన్నావా?”

“ఇంకా నేదు. సుట్టాలకి ఎట్టీసి వచ్చినాను.”

పైడితల్లి తన క్యారేజీ విప్పి, రాగిపిండితో కాచిన చోడంబలి గిన్నె ఆమె ముందుకు జరిపింది.

వరహాలమ్మ గిన్నె అందుకుని వెనక్కి తిరిగింది.

“అన్నా, నువ్వు తిన్నావా?”