కుళాయి డబ్బా

కోడలు ట్రే అచ్చును డబ్బా కింద పెట్టి కుళాయి తిప్పింది. ట్రేలు పోతపోసే రెజిన్ జిగురు చుక్క కూడా రాలేదు.

"చూశావా అమ్మాయ్, కారడం లేదు! రోజూ నేలంతా జిగురు చేస్తున్నావని నేనే బిగించాను," అన్నారు మామగారు మీసం దువ్వుతూ.

"మామయ్యగారూ, పక్కనుండాల్సిన హార్డెనర్ సీసా ఏదండీ?"

"అదీ పొద్దున్నే మూత తీసి, వంగి ఇందులో పోసేశాను. ఎలాగూ నువ్వు కొలిచి కలుపుకుంటావుగా, శ్రమెందుకని ఒకేసారి కలిపేశా. పైగా డబ్బా దానంతటదే వెచ్చబడింది!"

కోడలు నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "రెండూ కలిస్తే రాయైపోతుందండీ! సాయంత్రానికి ట్రేలు ఇవ్వాలి. ముందే కలపొద్దని సీసా మీద అంతంత అక్షరాలతో రాసుందే!"

"కళ్ళజోడుంటే కదా చదవడానికి! సర్దడమంటూ నువ్వే ఎక్కడో పడేశావు. పొద్దున్నుంచీ వెతుకుతున్నాను."

కోడలు ప్లాస్టిక్ డబ్బాను కత్తితో చీల్చింది. అద్దంలాంటి దిమ్మ బయటపడింది. ఇద్దరూ వంగి చూశారు.

దిమ్మ అడుగున కాళ్ళు చాపుకుని పడుకుని ఉంది కళ్ళజోడు.

మామగారి చెయ్యి మెల్లగా ఖాళీగా ఉన్న చొక్కా జేబు మీదికి వెళ్ళింది.

"పోనీలెండి మామయ్యగారూ," అంది కోడలు, దిమ్మను ఆయన ఒళ్ళో పెడుతూ. "ఇకమీదట ఎక్కడ పెట్టినా పోదు."