వెనకగదిలో జపాను

రాజోలులో రూతమ్మ ఇంటి వెనకగది పగలంతా జపాను కిందే లెక్క. కూతురు ఎస్తేరు పొద్దున్నే అందులోకి వెళ్లి కళ్లకు అద్దాలు, చేతులకు తొడుగులు వేసుకుంటుంది. ఇక్కడ తను చెయ్యెత్తితే అక్కడ జపానులో మరమనిషి చెయ్యి లేస్తుంది. ఆ చేతులతోనే ఒంటరి ముసలావిడకు స్నానం చేయిస్తుంది, తల దువ్వుతుంది. పనివేళల్లో ఇంట్లోవాళ్లెవరూ ఆ గడప దాటకూడదని కంపెనీతో ఒప్పందం.

"మూడడుగుల దూరమేగా, భయమెందుకమ్మా నీకు?" అని నవ్వేది ఎస్తేరు.

రూతమ్మకు మాత్రం ఆ భయం పోయేది కాదు. పనికని కువైట్ వెళ్లిన తన తల్లి పెట్టెలో తిరిగొచ్చింది. ఈ పిల్లకు కళ్లు పోతాయేమో, కరెంటు కొడుతుందేమో, తిండి లేక సోలిపోతుందేమో!

ఆరోజు మధ్యాహ్నం రెండు దాటినా పిల్ల అన్నానికి రాలేదు. రూతమ్మ ఉండబట్టలేక చేపలపులుసు కలిపిన అన్నం పట్టుకుని, చప్పుడు కాకుండా గడప దాటి, కూతురి నోటికి ముద్ద అందించింది.

సరిగ్గా అప్పుడే ఎస్తేరు ముసలావిడను మంచం మీంచి లేపి నిలబెడుతోంది. ఉలిక్కిపడి చేతులు వదిలేసింది.

"అయ్యో! బామ్మగారూ!"

అద్దాలు నల్లబడిపోయాయి. బయటివాళ్లు గడప దాటినందుకు పని అనుమతి రద్దయిందని, జపాను దేశం నుంచి పంపేశామని గోడకు కంపెనీ బిగించిన స్పీకరు చల్లగా చెప్పింది.

ఎస్తేరు మూడడుగులు వేసి వంటింట్లో కూలబడింది. చేతులింకా ఎవరినో పట్టుకోబోతున్నట్టు ముందుకు చాచే ఉన్నాయి.

రూతమ్మ అన్నం గిన్నెతో వెనకే వచ్చింది. "ఆవిడకి దెబ్బ తగిలిందంటావా? ఎవరో ఒకరొచ్చి లేపుతార్లేవే."

"ఎవరొస్తారమ్మా? లేపే మనిషి లేకే కదా నన్ను పెట్టుకున్నారు."