పిండిలో అడుగులు

"ఆగన్నా! మందు పెట్టకు. అది మా బాపు!"

ఎలుకమందు బిళ్ళ కైలాసం చేతిలోనే ఆగిపోయింది. పన్నెండేళ్లుగా పాతబస్తీ ఇళ్లలో ఎలుకలకూ, నల్లులకూ, చెదలకూ మందు పెట్టి బతుకుతున్నాడు. బొద్దింకను చూసి కుర్చీలెక్కిన మగాళ్లను చూశాడు గానీ, ఎలుకను బాపు అన్నవాణ్ని చూడటం ఇదే మొదలు.

తప్పు తనదే. నోరు ఊరుకుంటేగా! ఈ ఇంటి కోడలు మహేశ్వరి వాట్సాప్‌లో పంపిన ఎలుక పెంటికల ఫోటో చూసే, ఇది చిట్టెలుక కాదు, పెద్ద ఎలుకేనని చెప్పాడు. అది ఎటు వచ్చి ఎటు పోతుందో తెలియాలంటే గోడల వెంబడి, మంచాల కింద పిండి చల్లి, తెల్లారి అడుగులు చూడటం అతని పద్ధతి. నిన్న సాయంత్రం జహనుమాలోని ఈ రెండు గదుల ఇంట్లోనూ అలాగే చల్లిపోయాడు. పొద్దున వచ్చి, వంగి చూసి, పెద్ద పనిమంతుడిలా చెప్పేశాడు.

"ఒక్కటే ఎలుకన్నా. ఎడమ ఎనక కాలు ఈడుస్తున్నది. గీ గీత సూడు, గదే."

అంతే, మహేశ్వరి మొగుడు ప్రేమ్‌రాజ్ మొహం పాలిపోయింది. అతని తండ్రి ఎల్లప్పకు నిన్ననే పదకొండో దినం అయింది. ఎల్లప్ప కూడా ఎడమ కాలు ఈడ్చుకుంటూనే నడిచేవాడట. అతని చేతికర్ర ఇంకా గుమ్మం పక్కన మేకుకు వేలాడుతోంది.

"బాపు పోయిన నాడు, పానం పోయిన జాగల పిండి పోసి, దీపం పెట్టి, గంప బోర్లించినం," అన్నాడు ప్రేమ్‌రాజ్. "ఏ జన్మ ఎత్తిండో అడుగులు వడ్తయ్ గద. తెల్లారి గంప లేపి సూస్తే ఏం లేదు. మస్తు ఏడ్సిన. ఇయ్యాల నువ్వు పోసిన పిండిల వచ్చిండు."

"అరె, ఏడనో బోనుల వడి కాలు ఇరిగిన ఎలుకన్నా అది! నాకు గిసొంటియి దినాం కనవడ్తయ్."

"మరి బియ్యం సంచి ఇడిసిపెట్టి, సక్కగ అమ్మ మంచం కాడికే ఎందుకు వోయింది? సూడు, మూడు సుట్లు తిరిగింది!"

కైలాసం చూశాడు. నిజమే, మంచం కోళ్ల చుట్టూ పిండి నిండా అడుగులే.

ఆ మంచం మీదే కూర్చుని ఉంది ప్రేమ్‌రాజ్ తల్లి కాశమ్మ. కైలాసం వచ్చిన దగ్గర్నుంచి ఆమె నోటి నుంచి ఒక్క మాట రాలేదు. కళ్లలో తడీ లేదు. కొడుకు మాట విని, కింద వేలాడేసిన కాళ్లు మెల్లగా పైకి తీసుకుని, వంకరగా ఉన్న కుడిచేత్తో చీర కప్పుకుంది. మొగుడు పోయిన దుఃఖంలో బిగుసుకుపోయింది పాపం, అనుకున్నాడు కైలాసం. తండ్రి పోయినప్పుడు తన తల్లీ ఇలాగే గోడను చూస్తూ కూర్చునేది.

లోపలి గదిలోంచి నాలుగు నెలల పిల్ల సుజనను ఎత్తుకుని మహేశ్వరి వచ్చింది.

"ఏందయ్యా నీ లొల్లి? మొన్న సుజన కాలి ఏలు కొరికింది, రక్తమొచ్చింది. మామ అయితే మనవరాలిని కొరుకుతడా?"

"ఆకలైందేమో!"

"అయితే పీటేసి, పళ్లెంల అన్నం పెట్టి పిలువు!"

మొగుడూ పెళ్లాలిద్దరూ కైలాసం వంకే చూశారు. ఇక్కడ పిల్ల కాలు, అక్కడ తండ్రి ప్రాణం. మధ్యలో తానొకడు. బిళ్ళను మళ్లీ సంచిలో వేయబోయాడు.

"సంపుడొద్దన్నా. బోను పెడ్త. పడినంక మీరాలం చెరువు అవతల ఇడిసొస్త. పిల్లకు భయముండది, మీ బాపుకూ ఏం గాదు."

ప్రేమ్‌రాజ్ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

అప్పుడు నోరు విప్పింది కాశమ్మ. "బిడ్డా, గాడ ఇడిస్తే మళ్ల రాదా?"

ఆ ప్రశ్నకు కైలాసం కరిగిపోయాడు. మంచం పక్కన గొంతుక్కూర్చుని, తల్లికి చెప్పినట్టే చెప్పాడు.

"ఎందుకు రాదమ్మా? ఎలుక ఇల్లు మర్వది. కాలు ఈడ్సుకుంటనన్న ఎతుక్కుంట వస్తది. నువ్వు ఫికర్ జెయ్యకు, నీ కాడికే వస్తది."

"ఇన్నవా అమ్మా!" అంటూ ప్రేమ్‌రాజ్ ఏడ్చేశాడు. "బాపు నిన్ను ఇడిసి ఉండలేడు!"

కాశమ్మ వంగి, మంచం చుట్టూ ఉన్న అడుగులను చూసింది.

"మీ బాపే అంటవా?"

"బాపే. పిల్ల మీద ఒట్టు."

"నాకూ గట్లనే అనిపిస్తున్నది. నడక గదే," అంది ఆమె, మణికట్టు రుద్దుకుంటూ. "రాత్రి గా ఈడ్సుడు సప్పుడు ఇనవడితే, ఆయన కట్టెతోని ఇరగ్గొట్టిన చెయ్యి మళ్ల సలిపింది."

ప్రేమ్‌రాజ్ ఏడుపు ఆగిపోయింది. మహేశ్వరి గుమ్మం పక్కనున్న కర్ర వైపు చూసి తల దించుకుంది. కాశమ్మ ఆ వంకర చేతినే కైలాసం ముందుకు చాపింది. గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు, ఏమీ లేదు.

"నలభై ఏండ్లు ఆయనకు నా చేత్తోనే అన్నం పెట్టిన. ఆ బిళ్ళ ఇటియ్యి బిడ్డా, గిది గూడ నేనే పెడ్త."